పదకొండు నిమిషాలు

ఉండి రోడ్డులో, కాలవ గట్టు దిగువన రేకుల షెడ్డు.
బల్ల మీద కొత్త ఏరేటరు. ఇంకా పుట్టలేదు.
కాగితం మీద ఉంది, విడి ముక్కల్లో ఉంది:
తేలడానికి రెండు బోట్లు, ఒక గేరుబాక్సు, ఇరుసు,
నాలుగు చక్రాలు, చక్రానికి ఎనిమిది రెక్కలు,
మోటారు, మోటారుకో గొడుగు,
మరలు నూట పన్నెండు.
రెండుసార్లు లెక్కపెట్టాను.

సోమరాజు గారికి రేపు పొద్దున్నకి అంకె కావాలి.
"ఒక్కోటి బిగించడానికి ఎంతసేపు? ఎంత పడుద్ది?
రెండొందలకి ఆర్డరయ్యా.
రూపాయి ఎక్కువ చెప్పావో,
గణపవరం వాడు ఎగరేసుకుపోతాడు.
తక్కువ చెప్పావో, నేనే మునుగుతాను."

నా దగ్గరున్నది ఒక స్టాప్‌వాచీ,
పాలిటెక్నిక్ నాటి అట్ట ఊడిన పట్టిక.
మరకి పన్నెండు సెకన్లు, వాషరుకి నాలుగు,
చెయ్యి చాపి అందుకోడానికి రెండు.
మిగతా ముక్కలూ కలిపి కూడితే
నలభై ఏడు నిమిషాలు.
పట్టికలో ఎవరికీ తుమ్ము రాదు.
కరెంటు పోదు.
మర జారి బల్ల కిందకి దొర్లిపోదు.

సువార్తమ్మని పిలిచి మొదటిది బిగించమన్నాను.
వాచీ చూడగానే ఆమె చేతులు
ఫొటోకి నిలబడ్డట్టు బిగుసుకున్నాయి.
మొదటిది నూట ముప్ఫై నిమిషాలు.
రెండోది నూట నాలుగు.
నాలుగోది ఎనభై మూడు.
రెట్టింపయినప్పుడల్లా అయిదో వంతు రాలిపోతుందని
పుస్తకంలో ఉంది.
ఎక్కడికి రాలుతుందో లేదు.
ఆమె వేళ్ళలోకేనేమో.
ఎక్కడో ఒకచోట ఆ రాలడం ఆగుతుంది.
ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పడానికే నాకు జీతం.

అయిదోదానికి గాని నాకు కనపడలేదు:
మర బిగించే సేపు పట్టికలో ఉన్నంతే.
పోయేదంతా తిప్పడంలో పోతోంది.
బోర్లించాలి, వెల్లకిలా వెయ్యాలి, మళ్ళీ బోర్లించాలి.
ప్రతిసారీ అవతలి బల్ల నుంచి పళ్ళాలమ్మ రావాలి,
ఆవిడ తన చేతిలో పని దింపుకుని రావాలి.

"మంచం అల్లేటప్పుడు మంచాన్ని తిప్పుతామా అండీ?"
అంది సువార్తమ్మ, చెమట తుడుచుకుంటూ.
"కిందనుంచి ఓ చెయ్యి పెడతాం.
ఈ బల్ల తీసేయించండి,
రెండు స్టూళ్ళ మీద పెట్టించండి. ఆయ్, అంతే."

అంతే.
పదకొండు నిమిషాలు తగ్గాయి.
నేను గట్టిగా నవ్వాను. ఆమె కూడా నవ్వింది.
కొత్త సరుక్కి ముక్క రేటని,
ఆ రేటు నేను రాసే నిమిషాల్లోంచే వస్తుందని
ఆమెకి అప్పటికి తెలియదు.
నాకు తెలుసు.

రాత్రి షెడ్డులో ఒక్కణ్ణే కూర్చున్నాను.
చుట్టూ చెరువుల్లో పాత ఏరేటర్లు
తెల్లవార్లూ నీళ్ళని బాదుతూనే ఉన్నాయి.
నిమిషానికి తొంభై నాలుగు పైసలు.
పదకొండింటికి పది రూపాయల ముప్ఫై నాలుగు పైసలు.
రెండు వందలకి రెండు వేల అరవై ఎనిమిది.
మంచం మాట చెప్పినందుకు
సువార్తమ్మ కట్టబోయే జరిమానా.

అలసటకి పది శాతం వేశాను.
మంచినీళ్ళకీ వగైరాకీ అయిదు.
కింద 'ఇతరములు' అని ఒక గడి ఖాళీగా ఉంటుంది,
ఎవరూ అంతగా చదవరు.
అందులో పదకొండు అని రాశాను.
కలం కాస్త వణికింది, అంకె బాగానే వచ్చింది.

పొద్దున్న సోమరాజు గారు చదివారు.
"ఈ ఇతరములేంటయ్యా?"
"కరెంటు కోతలండి."
ఆయన ఫ్యాను వంక చూశారు. తిరుగుతోంది.
నా వంక చూశారు.
పదకొండు కొట్టేసి, పక్కన ఆరు వేసి,
సంతకం పెట్టారు.

ఆర్డరు మనకే వచ్చింది.

ఇవాళ ముప్ఫై ఆరోది నడుస్తోంది.
"వాచీ తేలేదేంటండీ?" అంది సువార్తమ్మ.
బ్యాటరీ అయిపోయిందన్నాను.
గేరుకి కలపబోయే ముందు
ఆమె ఇరుసుని చేత్తో ఒక్క తిప్పు తిప్పి
బేరింగు దగ్గర చెవి పెట్టింది.
ప్రతిదానికీ పెడుతుందట, మొదటిదాన్నుంచీ.
నా పట్టికలో వినడానికి గడి లేదు.
ఇరుసు తిరిగి తిరిగి, మెల్లగా ఆగింది.
ఆమె తలూపి స్పానరు అందుకుంది.